మ్యూజిక్ గేమ్ ‘లేట్’ అంటోందా? ముందు మీ ఫోన్‌ని అనుమానించండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ అంటూ రివ్యూలు రాసేవాడు ఇవాళ సంగీతం గురించి మొదలెట్టాడేంటా అనుకోకండి. ఇదీ గాడ్జెట్ల గొడవే. కాకపోతే ఈసారి బగ్ ఉన్న ప్రోడక్ట్ వేరే కంపెనీది కాదు, నేను రాసిందే.

మా అమ్మ రాజమండ్రిలో ఇంటి దగ్గరే పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతుంది. సాయంత్రం ఐదింటికి హాల్లో చాప పరిచి, శ్రుతి బాక్స్ ఆన్ చేస్తే పదిమంది పిల్లలు వచ్చి కూర్చుంటారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. ఇంటికెళ్ళాక మాత్రం ఎవరూ తాళం ప్రాక్టీస్ చెయ్యరు. “ఫోన్ పట్టుకుంటే గంటలు గంటలు కదలరు, తాళం వెయ్యమంటే చెయ్యి నొప్పి అంటారు” అని అమ్మ ఫోన్‌లో వాపోతుంటే, మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కదా, ఓ ఐడియా వచ్చేసింది. బీటెక్ హాస్టల్లో నేను ఓసూ గేమ్ తెగ ఆడేవాణ్ణి. అదే పద్ధతిలో తాళానికి ఒక గేమ్ చేస్తే?

రెండు వీకెండ్లలో చేసేశాను. స్క్రీన్ మీద ఎనిమిది వలయాలు, ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు కదా, ఒక్కోటీ వెలిగినప్పుడు ‘టక్’ అని శబ్దం వస్తుంది. దానికి సరిగ్గా స్క్రీన్ మీద కొట్టాలి. సరిగ్గా పడితే ‘పర్‌ఫెక్ట్’, కొంచెం తప్పితే ‘గుడ్’, ఇంకా వెనకబడితే ఎర్ర అక్షరాల్లో ‘లేట్’. చివర్లో స్టార్లు. పిల్లలు ఎగబడి ఆడారు. నేను కాలర్ ఎగరేశాను.

మూడు వారాలకి అమ్మ ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీ యాప్‌లో ఏం చెబుతున్నావురా? ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది చూడు, ముందు వరసలో కూర్చునేది. దాని తాళం గోడగడియారంలా ఉండేది. ఇప్పుడు తరుముతోంది. ప్రతి దెబ్బా ముందే పడిపోతోంది. పైగా సోమవారం నుంచి క్లాసుకి రానంటోందట. ఎందుకే అంటే, నాకు లయ లేదు, ఫోన్ చెప్పింది అందట వాళ్ళమ్మతో.”

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే ముందు అమ్మనే అనుమానించాను. పిల్ల నిజంగానే లేటేమో, ఇన్నాళ్ళూ ఈవిడ గమనించలేదేమో అని. తర్వాత లాగ్స్ తెరిచాను.

గేమ్ మార్కులెలా వేస్తుందంటే

రిథమ్ గేమ్ ఏదైనా చేసే పని ఒకటే. ‘టక్’ ఏ క్షణంలో రావాలో దానికి ముందే తెలుసు. మీ వేలు ఏ క్షణంలో తగిలిందో ఫోన్ చెబుతుంది. రెండిటికీ మధ్య తేడా తీసి ఒక పట్టికతో పోలుస్తుంది. ఓసూలో డిఫికల్టీ సెట్టింగ్ 5 దగ్గర ఉంటే, అటూ ఇటూ 50 మిల్లీసెకన్ల లోపు కొడితే 300 పాయింట్లు, 100 లోపు అయితే 100 పాయింట్లు, 150 లోపు అయితే 50. సెట్టింగ్ పెంచే కొద్దీ ఆ సందు ఇరుకైపోతుంది. నా యాప్‌లో నేనూ దాదాపు ఇవే అంకెలు పెట్టాను.

చిక్కు ఎక్కడంటే, ‘టక్’ వేసెయ్ అని యాప్ ఆర్డర్ వేసిన క్షణం వేరు, అది మీ చెవిని చేరే క్షణం వేరు. మధ్యలో ఆండ్రాయిడ్ ఆడియో బఫర్ ఉంటుంది, ఆ తర్వాత చిప్, ఆ తర్వాత స్పీకర్. ఇటు వేలు తగిలినా టచ్ ప్యానెల్ దాన్ని చదివి పైకి పంపడానికి కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. 2017లో ఆండ్రాయిడ్ 8.0తో ఏఆడియో అనే కొత్త దారి వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. దాని మీద గూగుల్ ఇచ్చిన ఓబో లైబ్రరీ వాడితే మంచి ఫోన్లలో ఆలస్యం బాగా తగ్గుతుంది. ప్రో ఆడియో ఫోన్ అనిపించుకోవాలంటే రానూపోనూ ఆలస్యం ఇన్ని మిల్లీసెకన్లు దాటకూడదని ఆండ్రాయిడ్‌లో ఒక రూల్ కూడా ఉంది. స్పెక్ షీట్‌లో మెగాపిక్సెళ్ళు బోలెడు రాస్తారు కానీ ఈ అంకె మాత్రం ఎవరూ రాయరు. నాకు ఇదొక పాత కోపం.

ఇక బ్లూటూత్ తగిలిస్తే కథ మొత్తం మారిపోతుంది. శబ్దాన్ని కుదించాలి, ప్యాకెట్లు కట్టాలి, గాల్లో పంపాలి, అవతల కొన్ని పోగేసుకుని విప్పాలి. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో ఇది సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు తినేస్తుంది. సినిమా చూస్తున్నప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మని కూడా అంతే వెనక్కి జరుపుతుంది. మీ వేలిని వెనక్కి జరపడం మాత్రం ఏ ప్లేయర్ వల్లా కాదు.

200 మిల్లీసెకన్లంటే చిటికెడే కదా అనుకోవద్దు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన మీరు బ్లూటూత్‌లో తాళం వింటున్నారంటే మృదంగం వాయించేవాడు మీకు 68 మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. సంగీతం లెక్కలో చూస్తే ఇంకా భయం వేస్తుంది. అక్షరానికి ఒక సెకను చొప్పున తాళం వేస్తే, మొదటి కాలంలో ఒక స్వరానికి సెకను, రెండో కాలంలో అరసెకను, మూడో కాలంలో 250 మిల్లీసెకన్లు. అంటే మూడో కాలంలో ఇంచుమించు ఒక స్వరం మొత్తం వెనకబడిపోతుందన్నమాట.

లాగ్స్‌లో ఏముంది

ఆ అమ్మాయి దెబ్బలన్నీ లేటే. కానీ అన్నీ ఒకే అంత లేటు, దాదాపు 190 మిల్లీసెకన్లు. 185, 192, 188, 194, ఇలా ఉన్నాయి మొదటి వారం అంకెలు. మిగతా పిల్లల్లో ‘పర్‌ఫెక్ట్’ కొట్టినవాళ్ళవి కూడా ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఊగుతున్నాయి. సగటు ఎక్కడుందన్నది పక్కన పెట్టి దెబ్బలు ఎంత చెదిరాయో చూస్తే, క్లాసు మొత్తంలో స్థిరంగా ఉన్నది ఆ పిల్లే. నా యాప్ సగటు చూసి మార్కులేసింది. చూడాల్సింది చెదరడం.

వాళ్ళింటికి ఫోన్ చేస్తే సంగతి బయటపడింది. ఫోన్ స్పీకర్ పాడైందని వాళ్ళ నాన్నగారు ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ కలిపిచ్చారు. పిల్ల ఆ స్పీకర్‌లో ‘టక్’ వినేది, విన్న క్షణంలోనే కొట్టేది. అంటే చెయ్యాల్సింది సరిగ్గా చేసింది. ఫోన్‌కి మాత్రం అది లేటు.

నన్ను ఇంకా కుంగదీసిన విషయం వేరే ఉంది. ఇంకో అబ్బాయి బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఆడాడు. వాడికీ అంతే ఆలస్యం ఉండాలి. కానీ వాడికి స్టార్లే స్టార్లు. ఏం నాన్నా అని అడిగితే, “సౌండ్ పట్టించుకోను అన్నయ్యా, రింగ్ వెలగ్గానే కొడతా” అన్నాడు. స్క్రీన్ వెలగడానికి బ్లూటూత్‌తో పని లేదు కదా! అంటే సంగీతం నేర్పడానికి చేసిన యాప్‌లో చెవి మూసుకున్నవాడికి ఫస్ట్ ర్యాంక్, చెవితో విన్న పిల్లకి ఎర్ర అక్షరాలు. పాపం ఆ పిల్ల ఎర్ర అక్షరాలు తప్పించుకోవడానికి శబ్దం కంటే ముందే కొట్టడం అలవాటు చేసుకుంది. అదే అలవాటు క్లాసులో తరమడంలా బయటపడింది.

మీ ఫోన్ ఎంత వెనకబడిందో ఇంట్లోనే చూసుకోండి

రెండో ఫోన్ ఒకటి ఉంటే చాలు. మొదటి ఫోన్‌లో ఏదైనా డ్రమ్ యాప్ తెరవండి. రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. వేలి కొసతో కాకుండా గోరు కూడా తగిలేలా డ్రమ్ ప్యాడ్ మీద గట్టిగా పదిసార్లు కొట్టండి. రికార్డయిన ఫైల్‌ని ఆడాసిటీ లాంటి ఫ్రీ ఎడిటర్‌లో తెరిస్తే ప్రతి దెబ్బకీ రెండు శిఖరాలు కనబడతాయి. మొదటిది గాజు మీద మీ గోరు చప్పుడు, రెండోది డ్రమ్. మధ్య ఖాళీయే మీ ఫోన్ ఆలస్యం. తర్వాత బ్లూటూత్ కలిపి, ఇయర్‌బడ్‌ని రికార్డర్ మైక్‌కి ఆనించి మళ్ళీ చెయ్యండి. ఇయర్‌బడ్స్‌లో గేమింగ్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి ఇంకోసారి. బాక్స్ మీద రాసిన అంకెకీ దీనికీ పొంతన ఉందో లేదో మీకే తెలుస్తుంది.

సంగీతం గేమ్ ఆడాలంటే నా సలహా, వైరు. హెడ్‌ఫోన్ జాక్ తీసేసిన ఫోన్ అయితే టైప్-సి డాంగిల్ కొనుక్కోండి. అదీ కుదరకపోతే ఫోన్ సొంత స్పీకరే మేలు. గేమ్‌లో ఆఫ్‌సెట్ లేదా క్యాలిబ్రేషన్ అనే సెట్టింగ్ ఉంటే ముందు అది చేసి కూర్చోండి. ఆ సెట్టింగ్ లేని గేమ్ ఇచ్చే స్కోరుని మాత్రం నమ్మకండి.

అమ్మ చేసిన కోడ్ రివ్యూ

నేనూ మొదట క్యాలిబ్రేషనే పెట్టాను. తొలి 16 దెబ్బల్లో మధ్య విలువ తీసుకుని మిగతావాటిలోంచి తీసెయ్యడం. పనిచేసింది. గర్వంగా ఊరెళ్ళి అమ్మకి చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, “ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు ఎక్కడున్నాయిరా?” అంది.

నిజమే. లఘువులో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు లెక్క. రెండు ద్రుతాల్లో ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసురు. చప్పుడయ్యేవి మూడే, ఒకటో అక్షరం, ఐదు, ఏడు. పదేళ్ళు ఆ ఇంట్లో పెరిగి, సగం నిద్రలో అయినా ఆది తాళం వేసే నేను, గేమ్ తయారు చేసేటప్పటికి ఎనిమిది బటన్లు పెట్టాను. ఓసూలో బటన్లుంటాయి కదా మరి.

“ఇంకోటి. ప్రతిదానికీ నువ్వు టక్‌మనిపిస్తుంటే వాళ్ళు తాళం వేస్తున్నట్టా, నీ టక్కు వెనకాల పరిగెడుతున్నట్టా? రెండు ఆవర్తనాలు వినిపించి నోరు మూసుకో. తర్వాత వాళ్ళనే వెయ్యనీ.”

ఈ ఒక్క మాటతో నేను రెండు నెలలుగా కుస్తీ పడుతున్న లేటెన్సీ సమస్య మాయమైపోయింది. ఎలాగంటారా? పిల్లలిప్పుడు గాజు మీద కొట్టరు, తొడ మీద చేత్తో తాళం వేస్తారు. ఫోన్ పక్కన పడుకుని మైక్‌తో వింటుంది. యాప్ శబ్దం ఆపేశాక మైక్‌కి వినబడేవి పిల్ల దెబ్బలు మాత్రమే. వాటి మధ్య దూరాలు 4, 2, 2 అక్షరాలు ఉండాలి, అంటే 4 సెకన్లు, 2 సెకన్లు, 2 సెకన్లు. మైక్ ఆలస్యం ఎంతున్నా ప్రతి దెబ్బకీ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది. ఖరీదైన ఫోన్, చవక ఫోన్, బ్లూటూత్ స్పీకర్, అన్నీ ఒకటే. నాలుగు ఆవర్తనాలయ్యాక యాప్ మళ్ళీ శబ్దం వేస్తుంది, పిల్ల అప్పటికి ఎంత ముందుకి జరిగిందో, ఎంత వెనకబడిందో తనకే వినబడుతుంది. స్టార్లు తీసేశాను.

డెవలపర్లకి ఒక మాట: మైక్ తెరిచేటప్పుడు ఎకో క్యాన్సిలేషన్, నాయిస్ తగ్గించేవి లేని ఆడియో సోర్స్ ఎంచుకోండి. లేకపోతే చప్పట్లని నాయిస్ అనుకుని ఫోన్ మింగేస్తుంది. నాకు దీనికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

మరి పెద్ద గేమ్‌ల సంగతి?

2005లో గిటార్ హీరో వచ్చినప్పుడు ప్లాస్టిక్ గిటార్ మీద ఐదు రంగుల బటన్లు. దానితో గిటార్ రాదు, అది అందరికీ తెలిసిందే. కొంతవరకు లయ పట్టుబడుతుంది, అంతే. 2011లో యూబీసాఫ్ట్ తెచ్చిన రాక్‌స్మిత్ మాత్రం నాకు నచ్చిన ఆలోచన. ప్లాస్టిక్ బొమ్మ లేదు, మీ సొంత ఎలక్ట్రిక్ గిటార్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో కలపాలి. మీరు బాగా వాయిస్తే స్వరాలు పెంచుతుంది, తడబడితే తగ్గిస్తుంది. దీని 2014 ఎడిషన్‌లో మాస్టర్ మోడ్ ఒకటి ఉంది. పాట మీకు పట్టుబడే కొద్దీ స్క్రీన్ మీద స్వరాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. మా అమ్మ చెప్పింది, వాళ్ళు చేసింది ఒకటే.

వీఆర్ అనగానే అందరూ చెప్పేది బీట్ సేబర్. 2018లో వచ్చింది, ఆడితే చెమటలు పడతాయి, నాకూ ఇష్టమే. కానీ దాని మార్కుల పద్ధతి చూడండి. ఒక బ్లాక్ మామూలుగా కోస్తే గరిష్టంగా 115. అందులో 70 కొయ్యడానికి ముందు చెయ్యి ఎంత కోణం ఊపారన్నదానికి, 30 కోశాక ఎంత ఊపారన్నదానికి, 15 మధ్యకి ఎంత దగ్గరగా కోశారన్నదానికి. టైమింగ్‌కి విడిగా మార్కులే లేవు! పాట వింటూ ఆడతాం కాబట్టి లయ వస్తోందనిపిస్తుంది, గేమ్ మాత్రం మీ భుజాన్ని కొలుస్తోంది. దీన్ని మ్యూజిక్ ఎడ్యుకేషన్ అని అమ్మేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

నేను సీరియస్‌గా వారం పాటు వాడింది క్వెస్ట్ 3లో పియానోవిజన్. హెడ్‌సెట్ మా రూమ్మేట్‌ది. నేను ఎనిమిదో తరగతి దాకా కీబోర్డు నేర్చుకుని, ఐఐటీ కోచింగ్ పేరుతో మానేశాను. హెడ్‌సెట్ కెమెరాల్లోంచి మీ అసలు కీబోర్డే కనబడుతుంది. పైనుంచి రంగు కడ్డీలు వచ్చి సరిగ్గా ఆ మెట్ల మీద పడతాయి. మొదటిసారి చూస్తే నోరు తెరుచుకోవాల్సిందే. ఐదు రోజుల్లో ఒక చిన్న పాట తప్పు లేకుండా వాయించాను. ఆరో రోజు హెడ్‌సెట్ తీసి కూర్చుంటే రెండో లైన్ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. పాట నోటితో పాడగలను, చేతికి మాత్రం తెలియదు. ఐదు రోజులూ నేను నేర్చుకున్నది కడ్డీలు పడే చోట్లు.

తప్పు నొక్కితే సరైనది నొక్కేదాకా పాటని ఆపి నిలబడే మోడ్ ఇలాంటి యాప్‌లలో ఉంటుంది, సింథీషియాలోనూ ఉంది. మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి మొదటి రోజు పనికొస్తుంది. రెండో రోజు కూడా అందులోనే ఉంటే లయ పోతుంది, ఎందుకంటే అక్కడ కాలమే మీ కోసం ఆగుతోంది. కచేరీలో మృదంగం ఆగదు కదా. నేను తర్వాత చేసింది ఇది: ఒక లైన్ హెడ్‌సెట్‌తో రెండుసార్లు, అదే లైన్ హెడ్‌సెట్ నుదుటి మీదకి ఎత్తి నాలుగుసార్లు. మెల్లగా సాగింది, కానీ నిలిచింది. 515 గ్రాముల బరువు మాటిమాటికీ ఎత్తి దించడం విసుగే. పైగా మెటా రూల్ ప్రకారం పదేళ్ళు నిండని పిల్లలకి అది ఇవ్వకూడదు. కాబట్టి మా అమ్మ క్లాసులో దానికి ఎలాగూ చోటు లేదు.

తోడిలో ఫెయిల్

పాడటాన్ని దిద్దే యాప్‌ల గురించి చెప్పకపోతే ఇది పూర్తవదు. ఒక యాప్‌లో సరదాగా అమ్మ చేత తోడి పాడించాను. ఆవిడ నలభై ఏళ్ళుగా పాడుతోంది. నూటికి 31 వచ్చాయి. “35 వస్తేనే కదరా పాసు” అని పడీ పడీ నవ్వింది.

యాప్ చేసేదేంటంటే, సెకనుకి 44,100 సార్లు గొంతుని కొలిచి, వాటిని 2,048 చొప్పున ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 46 మిల్లీసెకన్లు. ఆ ముక్కలో స్వరం ఎంత హెర్ట్జ్ ఉందో కనుక్కోవాలి. మామూలు ఎఫ్‌ఎఫ్‌టీ వేస్తే దాని మెట్లు 21.5 హెర్ట్జ్ దూరంలో ఉంటాయి. 220 హెర్ట్జ్ దగ్గర పక్క స్వరం 13 హెర్ట్జ్ దూరంలోనే ఉంది, అంటే రెండూ విడదీయడం కష్టం. అందుకే 2002లో వచ్చిన యిన్ లాంటి అల్గారిథమ్‌లు వాడతారు, తరంగం తనని తాను ఎంతసేపటికి మళ్ళీ పోలి ఉందో అవి చూస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆ అంకెని 12 స్వరాల్లో దగ్గరున్నదానికి లాగేసి, తెర మీద ఒక డబ్బా గీసి, డబ్బాలో ఉంటే పచ్చ, బయటికెళ్తే ఎరుపు వేస్తారు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, పైకీ కిందకీ ఊగడమే దాని స్వరూపం. డబ్బా లెక్కలో అది తప్పులే తప్పులు. గమకం తీసేసి కీబోర్డులా పాడి ఉంటే అమ్మకి వంద వచ్చేవి, తోడి మాత్రం ఉండేది కాదు.

ఇంకో చిక్కు, షడ్జం. అమ్మది ఐదున్నర శ్రుతి, అంటే జి షార్ప్. సా ఎక్కడో మనల్ని అడగని యాప్ మన సంగీతానికి పనికిరాదు, డౌన్‌లోడ్ చేసేముందు ఆ సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి.

డబ్బాల బదులు గీత కావాలి. కంప్యూటర్‌లో సోనిక్ విజువలైజర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, సరైన ప్లగిన్ వేస్తే పాడినదాని స్వరం గీతలా కనబడుతుంది. అమ్మ పాడింది, శిష్యురాలు పాడింది, రెండూ పైనా కిందా పెట్టి చూస్తే ఎక్కడ ఊపు తక్కువైందో మార్కులు లేకుండానే తెలుస్తుంది. మొన్న క్లాసులో ఇది చూపిస్తే పిల్లలు స్క్రీన్ చుట్టూ మూగారు. అమ్మ ఐదు నిమిషాలు ఊరుకుని, “చూసింది చాలు, ఇంక కళ్ళు మూసుకుని పాడండి” అని ల్యాప్‌టాప్ మూసేసింది.

ఆ ముందు వరస పిల్ల గురించి చెప్పలేదు కదూ. వాళ్ళింటికెళ్ళి, లాగ్స్‌లో అంకెలు చూపించి, తప్పు నా యాప్‌దే అని తనకే చెప్పాను. “అయితే నేను లేట్ కాదా?” అని మూడుసార్లు అడిగింది. తరమడం పోవడానికి ఇంకో నెల పట్టింది. అలవాటు ఎక్కినంత తొందరగా దిగలేదు. ఇప్పుడు జంట స్వరాలు రెండో కాలంలో పాడుతోంది. పోయిన ఆదివారం నేను ఊళ్ళో ఉంటే వచ్చి, “అన్నయ్యా, సౌండు నాలుగు ఆవర్తనాలే ఆపుతోంది. ఎనిమిది ఆపేలా పెట్టవా?” అంది. వచ్చే అప్‌డేట్‌లో పెడుతున్నాను.